పిచ్చి శాస్త్రజ్ఞుడికి జీతమెవరిస్తారు?

1974లో నేనొక పిల్లవాడి పుస్తకం చించివేశాను. అప్పటికి గూడూరు తాలూకాలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టరుగా చేరి రెండేళ్ళు. ఎనిమిదో తరగతికి గాలి పీడనం చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రవాడు ఒళ్ళో ఏదో దాచుకుని తలవంచి చూస్తున్నాడు. వెళ్ళి లాక్కుంటే అదొక ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకం. వాళ్ళ మామ మద్రాసు మూర్ మార్కెట్టులో అర్ధరూపాయికి కొనితెచ్చాడట. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. లోపల నీలం దుస్తుల మీద ఎర్రని అంగవస్త్రం రెపరెపలాడిస్తూ ఆకాశంలో ఎగిరే సూపర్‌మాన్; ఎదుట బోడితల శాస్త్రజ్ఞుడొకడు, వాడి ప్రయోగశాల, నగరం మీదికి గురిపెట్టిన యంత్రం. చివరి పుటలో యంత్రం తునకలు, శాస్త్రజ్ఞుడు జైలుకు.

ఆ రోజుల్లో వియత్నాం యుద్ధం ఇంకా ముగియలేదు. నాకూ పాతికేళ్ళే. "అమెరికా సామ్రాజ్యవాదం మన పిల్లల మెదళ్ళకు ఎక్కిస్తున్న మత్తుమందు ఇదే" అని తరగతికంతటికీ ఉపన్యాసమిచ్చి, పుస్తకాన్ని నాలుగు ముక్కలు చేశాను. పిల్లవాడు ఏడవలేదు. కాసేపాగి లేచి నిలబడి అడిగాడు.

"సార్, ఆ బోడి ఆయప్పకి జీతం ఎవురిస్తారు సార్?"

తరగతి గొల్లుమన్నది. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకుని గంట కొట్టేదాకా నిలబెట్టాను. నిజానికి వాడు ఎగతాళి చేయలేదు. వాడి తల్లి అభ్రకం షెడ్డులో రేకులు విడదీసే పనికి వెళ్ళేది. ఆ పల్లెల్లో ఎవడైనా ఫలానా పనిలో చేరాడని తెలిస్తే పెద్దలు మొట్టమొదట అడిగే మాట అదే: జీతమెవరిస్తారు, ఎంతిస్తారు? వాడు శాస్త్రజ్ఞుడి విషయంలోనూ అదే అడిగాడు. ఆ ప్రశ్న విలువ తెలుసుకోవడానికి నాకు ముప్పై అయిదేళ్ళు పట్టింది.

నా కోపం నా ఒక్కడి సొత్తు కాదని చెప్పుకోవాలి. అమెరికా బొమ్మల కథల మీద ఉద్యమాలు నడిచాయి. ఫ్రాన్సులో 1949లోనూ, బ్రిటన్‌లో 1955లోనూ చట్టాలే వచ్చాయి. రెండుచోట్లా ఆ ప్రచారంలో కమ్యూనిస్టులు ముందున్నారు. అమెరికాలోనే ఫ్రెడ్రిక్ వెర్థాం అనే మానసిక వైద్యుడు 1954లో వీటిని ఖండిస్తూ పెద్ద పుస్తకం వ్రాశాడు. ఆ వాదనలన్నీ తప్పని నేననను. కాని మాలో చాలామందిమి చదవకుండానే తీర్పు చెప్పాం. నేను చించిన పుస్తకాన్ని నేను చదవలేదు. పుటలు తిప్పాను, అంతే.

2009లో, ఉద్యోగ విరమణ అయిన రెండేళ్ళకు, ఒక ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు చూస్తుంటే, సూపర్‌మాన్ తొలి కథలన్నీ వరుసగా కుట్టిన సంపుటమొకటి కంటబడింది. ఆ పిల్లవాడి బాకీ గుర్తుకువచ్చింది కాబోలు, బేరమాడకుండా కొన్నాను. రెండు రాత్రుల్లో చదివి ముగించాను. ముగించేసరికి నా 1974 నాటి ఉపన్యాసం సగం కూలిపోయింది.

సూపర్‌మాన్ మొదటిసారి అచ్చులోకి వచ్చింది 1938 జూన్ నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో. సృష్టించినవారు క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన ఇద్దరు యువకులు: కథ జెర్రీ సీగెల్‌ది, బొమ్మలు జో షూస్టర్‌వి. ఇద్దరివీ యూరపు నుండి వలస వచ్చిన యూదు కుటుంబాలు. ఇద్దరూ ఆర్థిక మాంద్యంలో పెరిగినవారు. ఆ తొలి కథల్లో సూపర్‌మాన్ గ్రహాంతర రాక్షసులతో పోరాడడు. భార్యను కొట్టే మగవాణ్ణి పట్టుకుంటాడు. ఒక సెనేటరును లోబరుచుకుని దేశాన్ని యుద్ధంలోకి దింపజూసే దళారిని పట్టుకుంటాడు. ఆ దళారి వెనక ఆయుధాల వర్తకుడున్నాడని రెండో సంచికలో తేలుతుంది. అప్పుడు సూపర్‌మాన్ ఏం చేస్తాడు? ఆ వర్తకుణ్ణి తీసుకుపోయి సైనికుల వరసలో నిలబెడతాడు. తన సరుకు తన నెత్తిన పేలుతుంటే వర్తకుడికి ప్రాణభయమంటే ఏమిటో తెలిసివస్తుంది. తరువాత రెండు సైన్యాల సేనాపతులనూ ఒకచోటికి తెచ్చి, మీరిద్దరే తేల్చుకోండంటాడు. ఎందుకు కొట్లాడుతున్నారో వాళ్ళిద్దరికీ తెలియదు. అమెరికా సెనేటులో నై కమిటీ 1934 నుండి 1936 దాకా ఆయుధ పరిశ్రమ లాభాలను విచారించింది గదా. ఆ విచారణ వేడి ఈ రెండు సంచికల్లో ఉన్నది.

1939 జనవరి కథలో మురికివాడలను సూపర్‌మాన్ తన చేతులతోనే కూలగొడతాడు, ప్రభుత్వం మంచి ఇళ్ళు కట్టక తప్పని పరిస్థితి కల్పించడానికి.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది మూడో సంచిక, 1938 ఆగస్టు. అందులో శాస్త్రజ్ఞుడూ లేడు, యంత్రమూ లేదు. ఒక గని ఉన్నది. గని కూలి ఒక కార్మికుడు లోపల చిక్కుకుంటాడు. సూపర్‌మాన్ గనికార్మికుడి వేషంలో దిగి అతణ్ణి బయటికి తెస్తాడు. ప్రాణం దక్కింది గాని మనిషి జన్మంతా అవిటివాడయ్యాడు. సూపర్‌మాన్ ఈసారి విలేఖరిగా వెళ్ళి పలకరిస్తే, గని ప్రమాదంగా ఉన్నదని మాకందరికీ తెలుసు, చెబితే యజమాని పని మానుకోమంటాడు అని ఆ కార్మికుడు చెబుతాడు. యజమాని దగ్గరికి వెళ్తే, తప్పంతా ఆ మనిషి అజాగ్రత్తదేనంటాడు.

అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

గూడూరు, సైదాపురం ప్రాంతాల్లో అభ్రకం గనులుండేవి. అక్కడి అభ్రకం ఆకుపచ్చ డాలుగా ఉంటుంది. మగవాళ్ళు గోతుల్లో దిగి తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు షెడ్లలో కూర్చుని కత్తితో రేకులు విడదీసేవాళ్ళు. మా నాన్న గోతిలో కూలి, మా అమ్మ షెడ్డులో కూలి. 1959లో గోతి అంచు విరిగిపడి మా నాన్న ఎడమకాలు నుజ్జయింది. మోకాలి కింద తీసివేశారు. యజమాని రాలేదు. మేస్త్రీ వచ్చాడు, చేతిలో ఒక కాగితంతో. ఇంట్లో చదువు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, నాకు పదేళ్ళు. "చదివి వినిపించరా, మీ నాయనకు అర్థం కావాల గదా" అన్నాడు మేస్త్రీ. చదివాను. తన అజాగ్రత్త వల్లనే ప్రమాదం జరిగిందని మా నాన్న ఒప్పుకుంటున్నట్లు అందులో ఉన్నది. అజాగ్రత్త అన్న మాట నేను మొదటిసారి చదివింది ఆ కాగితంలోనే. కూడబలుక్కుని చదివాను. మా నాన్న వేలిముద్ర వేశాడు. కార్మికులకు నష్టపరిహారమిచ్చే చట్టం 1923 నుండీ ఉన్నది. ఆ వేలిముద్ర చూపించి ఆ పరిహారం ఎగ్గొట్టారు.

క్లీవ్‌లాండ్‌లో ఇరవైమూడేళ్ళ కుర్రవాడొకడు పిల్లల బొమ్మల కథలో ఆ మాటను పట్టుకున్నాడు. నేను అటువంటి పుస్తకాలను చించుతూ తిరిగాను.

ఇక కథ చివర చెప్పాలి. యజమాని తన ఇంట్లో విందు చేసుకుంటూ, సరదా కోసం అతిథులను గనిలోకి తీసుకువెళతాడు. మళ్ళీ గనికార్మికుడి వేషంలో వచ్చిన సూపర్‌మాన్ ఆధారపు దుంగలు లాగి దారి మూసివేస్తాడు. ప్రమాద గంట మోగదు. అది ఎప్పుడో పాడయింది. పట్టు బట్టల పెద్దమనుషులు పారలు పట్టి తవ్వుకోలేక కూలబడతారు. యజమానికి జ్ఞానోదయమవుతుంది. ఇకమీదట దేశంలో నా గని అంత భద్రమైన గని ఉండదని మాట ఇస్తాడు. మన సినిమాల్లో చివరి రీలులో జమీందారు కళ్ళనీళ్ళు తుడుచుకున్నట్లే. అంత పెద్ద గనిలో యూనియన్ ఊసు లేదు, సమ్మె ఊసు లేదు. అవిటివాడైన కార్మికుడి తోటివాళ్ళు ఒక్క మాట మాట్లాడరు. ఒక మహాబలుడు వచ్చి యజమాని హృదయం మార్చి వెళ్ళిపోతాడు. ఈ బలహీనతను దాచిపెట్టి ఈ కథను ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. అయినా ఒక్క సంగతి అందులో స్పష్టంగా ఉన్నది. చెడుకు ఒక చిరునామా ఉన్నది. అది గని యజమాని ఇల్లు.

ఆ చిరునామా ఎప్పుడు మారింది? సంపుటం చేతిలో ఉన్నది గనుక సంచిక కూడా చెప్పగలను. 1939 జూన్, పదమూడో సంచిక. కథ టాక్సీ డ్రైవర్లది. రక్షణ సంఘమన్న పేరుతో ఒక ముఠా వాళ్ళ దగ్గర డబ్బు గుంజుతుంటుంది. ఇవ్వనివాళ్ళ కార్లు ధ్వంసమవుతాయి. ఇంతవరకు పాత సూపర్‌మాన్ కథే. కాని ముఠా నాయకుణ్ణి వెంబడించి వెళితే లోపల ఎవరున్నారు? కాళ్ళు చచ్చుబడిన ఒక బోడితల మేధావి. పేరు అల్ట్రా హ్యూమనైట్. శాస్త్ర ప్రయోగం వల్ల అతనికి అసాధారణమైన మెదడు వచ్చిందట, ప్రపంచాన్ని ఏలాలని కోరికట. సూపర్‌మాన్‌కు దొరికిన మొదటి పిచ్చి శాస్త్రజ్ఞుడు ఇతడే. డ్రైవర్ల కష్టం అక్కడితో కథలోంచి జారిపోయింది. ఇంకొకటి కూడా నా మనసులో గుచ్చుకున్నది. 1938 కథలో అవిటివాడు గనికార్మికుడు. పది నెలలు తిరిగేసరికి అవిటివాడే దుర్మార్గుడయ్యాడు. ఒంటికాలి మనిషి కొడుకును గనుక నాకిది ముందు కనబడింది, ఇతరులకు కనబడకపోవచ్చు.

1940 ఏప్రిల్‌లో వచ్చిన ఇరవైమూడో సంచికలో లూథర్ ప్రవేశించాడు. ఆ మొదటి కథలో అతనికి ఎర్రజుట్టున్నది. బోడితల తరువాత వచ్చింది. యూరపులో రెండు దేశాలు యుద్ధానికి దిగుతాయి. రెంటినీ ఉసిగొల్పుతున్నది ఎవరు? పెద్ద గాలి ఓడకు వేలాడే నగరంలో ఆకాశాన కూర్చున్న లూథర్. దేశాలు కొట్టుకుని నీరసిస్తే తాను ఏలాలని పథకం. సూపర్‌మాన్ పథకం భగ్నం చేస్తాడు, యుద్ధం ఆగిపోతుంది.

రెండో సంచికనూ ఇరవైమూడో సంచికనూ పక్కపక్కన పెట్టి చూడండి. అవే రెండు దేశాలు, అదే అర్థంలేని యుద్ధం, అదే వ్రాతగాడు. 1938లో యుద్ధానికి కారణం ఆయుధాల లాభం. 1940లో యుద్ధానికి కారణం ఒకడి పిచ్చి. ఆయుధాల వర్తకుడు మాయమయ్యాడు. తుపాకులు అప్పుడూ ఎవరో అమ్మే ఉంటారు, కాని కథకు వాళ్ళతో పని లేకపోయింది.

ఇది ఎవరో గదిలో కూర్చుని పన్నిన కుట్ర అని నేననుకోను. 1939 జనవరి నుండి సూపర్‌మాన్ దినపత్రికల్లో వచ్చాడు, 1940 ఫిబ్రవరి నుండి రేడియోలో వినిపించాడు. సరుకు పెద్దదయ్యేకొద్దీ యజమానులు జాగ్రత్తపడతారు. దినపత్రికలకు గనుల యజమానులు స్నేహితులే గాని పిచ్చి శాస్త్రజ్ఞులెవరూ స్నేహితులు కారు. కథ చెప్పేవాడి అవసరం కూడా ఒకటున్నది. బుద్ధి వచ్చిన గని యజమాని వచ్చే నెల మళ్ళీ రాలేడు. శాస్త్రజ్ఞుడు జైలు నుండి పారిపోయి ఎన్నిసార్లయినా రాగలడు. (రేడియో మాట వచ్చింది గనుక ఒక ముక్క. ఆ కాలపు రేడియోల కండెన్సర్లకు అభ్రకం కావాలి. అమెరికాకు మేలురకం అభ్రకం చాలావరకు మన దేశం నుండే వెళ్ళేది. సూపర్‌మాన్ గొంతు మా గోతుల గుండానే పలికిందేమో!)

మనకీ మూస కొత్తదేమీ కాదు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడున్నాడు, బాలనాగమ్మ కథలో మాయల ఫకీరున్నాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిలకను చంపితే ఫకీరు చస్తాడు. లూథర్ ప్రాణం యంత్రంలో ఉంటుంది. మంత్రదండం స్థానంలో గాజు గొట్టాలు పెడితే మనవాడే. తేడా ఒకటున్నది. మాంత్రికుడి విద్య తపస్సుతో, బలులతో వస్తుందని కథ ఒప్పుకున్నది, దానికి బిల్లులుండవు. ప్రయోగశాల అలా రాదు. ఇరవయ్యేళ్ళు పైగా బడి ప్రయోగశాలకు పరీక్షనాళికలు తెప్పించుకోవడానికి అర్జీలు పెట్టుకున్నవాణ్ణి, నాకు తెలుసు. ఆకాశంలో వేలాడే నగరానికి రేకులు ఎవరు బిగించారు? ఆ గాలి ఓడ గుడ్డ ఏ మిల్లులో నేశారు? కరెంటు ఎక్కడిది? అంతమంది అనుచరులకు నెల మొదట్లో కూలి ఎవరిచ్చారు? మా కుర్రవాడు అడిగింది ఇదే.

ఆ ప్రశ్నను 1945లో వేసి చూద్దాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో సూపర్‌మాన్ దినపత్రిక కథలో ఒక ప్రొఫెసరు అతణ్ణి సైక్లోట్రాన్ అనే పరమాణు యంత్రం ముందు నిలబెట్టాడు. అమెరికా యుద్ధశాఖ ఉలిక్కిపడి, ఆ కథ ఆపించడానికి పూనుకున్నది. లూథర్ పరమాణు ఆయుధం ప్రయోగించే మరో కథ యుద్ధం ముగిసేదాకా ఆగి 1946 మొదట్లో బయటికి వచ్చింది. బొమ్మల్లోని పిచ్చివాణ్ణి దాచిపెట్టిన ఆ నెలల్లోనే అసలు బాంబు తయారవుతున్నది. దాన్ని చేసింది ఒంటరి బోడితలవాడు కాదు. ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు. లక్షా పాతికవేల మందికి పైగా జీతగాళ్ళు. కర్మాగారాలను నడిపినవి పెద్ద పెద్ద కంపెనీలు. ఓక్ రిడ్జ్‌లో యురేనియం శుద్ధిచేసిన ఒక కర్మాగారం యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ చేతిలో ఉండేది. ఆ పేరు మనకు 1984 డిసెంబరులో భోపాల్ నుండి మరోవిధంగా తెలిసింది. అక్కడి శాస్త్రజ్ఞుల్లో పిచ్చివాళ్ళు లేరు. పైపెచ్చు లియో జిలార్డ్ 1945 జూలైలో తయారుచేసిన అర్జీ మీద 70 మంది శాస్త్రజ్ఞులు సంతకాలు చేశారు, జపాన్‌కు లొంగిపోయే అవకాశమివ్వకుండా బాంబు వేయవద్దని. జోసెఫ్ రోట్‌బ్లాట్ 1944 చివరనే లాస్ అలమోస్ పని వదిలి వెళ్ళిపోయాడు. ఆ నగరాలను కాల్చిన నిర్ణయం మతి స్థిమితంగా ఉన్నవాళ్ళు, కుర్చీల్లో కూర్చుని, లెక్కలు చూసుకుని చేసినది.

సైన్సు మాస్టరుగా నాకున్న ఫిర్యాదు ఇక్కడిది. తరం తరువాత తరం పిల్లలు ఈ బొమ్మలు చూసి, ఎక్కువ తెలిసినవాణ్ణి చూసి భయపడడం నేర్చుకున్నారు. ఎక్కువ సొంతం చేసుకున్నవాణ్ణి చూసి భయపడడం నేర్చుకోలేదు. 1986లో లూథర్‌ను మళ్ళీ మలిచి కోట్లకు పడగెత్తిన వ్యాపారస్థుణ్ణి చేశారు. అప్పుడు శాస్త్రజ్ఞులు అతని దగ్గర జీతానికి కుదిరారు. మా కుర్రవాడి ప్రశ్నకు ప్రచురణకర్తలు 12 ఏళ్ళకు జవాబు చెప్పారన్నమాట.

సీగెల్ మొదటి ఊహ మాత్రం వేరు. 1933 జనవరిలో, తాను సొంతంగా వేసుకున్న చిన్న పత్రికలో, 'రెయిన్ ఆఫ్ ది సూపర్‌మాన్' అనే కథ వ్రాశాడు. అందులో ఒక ప్రొఫెసరు ఉచిత రొట్టె కోసం బారులు తీరిన నిరుద్యోగుల్లోంచి ఒకణ్ణి, తిండి పెడతానని ఆశచూపి, తన మందు పరీక్షించడానికి తీసుకుపోతాడు. ఆ ఆకలిగొన్నవాడికి అద్భుత శక్తులు వస్తాయి, వాడే దుర్మార్గుడవుతాడు, ప్రొఫెసరును చంపుతాడు. మందు బలం తీరిపోయాక మళ్ళీ ఆ రొట్టెల వరసలోకే చేరుకుంటాడు. మొట్టమొదటి సూపర్‌మాన్ పిచ్చి శాస్త్రజ్ఞుడి చేతిలో పడిన నిరుద్యోగి! అనుభవం తక్కువైన కుర్రవాడి కథే, కాని శాస్త్రజ్ఞుడికీ ఆకలికీ ఉన్న లంకె అందులో తెగలేదు.

ఆ ఇద్దరి జీతం సంగతి కూడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1938 మార్చిలో సూపర్‌మాన్ మీది సర్వ హక్కులనూ 130 డాలర్లకు వ్రాసి ఇచ్చారు. చెరి 65. కాగితం మీద సంతకం చేశారు. వేలిముద్ర కాదు, అంతే తేడా. 1947లో కోర్టుకు వెళితే హక్కు దక్కలేదు, తరువాత కథల మీద వాళ్ళ పేర్లు కూడా తీసేశారు. షూస్టర్‌కు చూపు మందగించింది. సీగెల్ గుమాస్తా పనిలో కుదిరాడు. కోట్ల డాలర్లతో సూపర్‌మాన్ సినిమా తలపెట్టిన రోజుల్లో, 1975లో, సీగెల్ పత్రికలకెక్కి గోలపెట్టిన మీదట, ఏడాదికి చెరి 20,000 డాలర్ల పింఛనూ, కథల మీద పేర్లూ దక్కాయి. గనులను సరిదిద్దిన సూపర్‌మాన్ తనను కన్నవాళ్ళ తరఫున ఒక్క తలుపూ బద్దలుకొట్టలేకపోయాడు.

నేను సంపుటం కొన్న నాటికి మా నాన్న లేడు. మా అమ్మకు ఎనభై దగ్గరపడుతున్నది. చదువు రాదు గాని చూపు బాగానే ఉండేది. నలభై ఏళ్ళు పొరలు లెక్కపెట్టిన కళ్ళు. ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని మూడో సంచిక కథ బొమ్మ బొమ్మకూ చెప్పాను. గని కూలినచోట ఏమీ అనలేదు. అజాగ్రత్త అన్నచోట నా మొహంలోకి చూసింది. పెద్దమనుషులు పారలు పట్టినచోట మాత్రం నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరి బొమ్మ దాకా వచ్చి, యజమాని మారిపోయాడమ్మా, గని బాగుచేస్తానన్నాడు అని చెప్పాను.

"సరే. ఆ మంచంలో ఉండే ఆయప్పకి ఏమిచ్చినారు నాయనా?" అన్నది.

వెనక్కి తిప్పి వెతికాను. ముందుకు తిప్పాను. ఆ తరువాతి కథ ఫుట్‌బాల్ ఆట గురించి.